పెళ్ళిపనుల మధ్య సైకిలు యాత్ర

ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి పెట్టుకుని, తల్లీకూతుళ్ళిద్దరూ సైకిళ్ళ మీద కొండల దేశం పోవడమేమిటని మీరంతా ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. మా వీధిలో ఆ ముచ్చట ఇప్పటికే అయిపోయింది. పాలు పోయించుకునే చోట ఒకరు, గుళ్ళో ఒకరు అడగనే అడిగారు. వాళ్ళకి విడివిడిగా చెప్పిందంతా మీకు ఒకేసారి చెప్పేస్తాను.

మా అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో. పెళ్ళయ్యాక పుణే వెళ్ళిపోతుంది. నగల దగ్గర లెక్క చూస్తుంటే అది వాళ్ళ నాన్నతో, "హారంలో రెండు కాసులు తగ్గించండి నాన్నా, ఆ డబ్బుతో నేనూ అమ్మా భూటాన్ వెళ్ళొస్తాం, సైకిళ్ళ మీద" అంది. మావారు నవ్వారు. నేనూ నవ్వాను. అది మాత్రం నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఈ పిల్ల ఇది చాలా రోజులుగా మనసులో పెట్టుకుందని.

సైకిలు నాకు కొత్తేం కాదండోయ్. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ రాజమండ్రిలో లేడీస్ సైకిలు మీదే కాలేజీకి వెళ్ళాను. పెళ్ళయ్యాక ఆ సైకిలు మా తమ్ముడిదైపోయింది. మళ్ళీ 2021లో, కరోనా వల్ల అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నప్పుడు, నన్ను తెల్లవారుజామున లేపి గేర్ల సైకిలు ఎక్కించింది. అప్పటినుంచీ వారానికి నాలుగు రోజులు గోదావరి గట్టు దాకా వెళ్ళొస్తున్నాను. అయితే మా ఊళ్ళో ఎత్తు అంటే రోడ్డు కం రైలు బ్రిడ్జి ఎక్కడమే. భూటాన్ అలా కాదు. అక్కడ చదునుగా ఉన్న రోడ్డు కావాలంటే వెతుక్కోవాలి.

అందుకే మొదట నేర్చుకున్న పాఠం, కొండల దేశంలో కిలోమీటర్లు లెక్క కాదు, ఎత్తు లెక్క. అమ్మాయి ఫోనులో మ్యాపు చూపించి తింపూ నుంచి పునాఖా 75 కిలోమీటర్లే అంటే, ఓస్ ఇంతేనా అనిపించింది. మీటర్ల లెక్క నాకు బుర్రకెక్కలేదు. అప్పుడు మనందరికీ తెలిసిన కొలత పెట్టుకున్నాను. తిరుపతి నుంచి తిరుమల ఎక్కితే పెరిగే ఎత్తు దాదాపు 700 మీటర్లు. దాన్ని 'ఒక తిరుమల' అనుకున్నాను. తింపూ ఊరు సుమారు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి దోచులా అనే కనుమ సుమారు 3,100 మీటర్లు. అంటే ఒక తిరుమల పైచిలుకు. అటువైపు పునాఖా లోయ దాదాపు 1,300 మీటర్లు. అంటే రెండున్నర తిరుమలలు దిగాలి. దిగడం హాయిగానే ఉంటుంది గానీ, పునాఖా నుంచి తింపూ రావాలంటే మళ్ళీ అదే దారి. దిగినదంతా ఎక్కాలి!

ఆ ఒక్క రోజు గురించే మా ఇంట్లో నెల్లాళ్ళు వాదన నడిచింది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మిగతా ఏర్పాట్లు.

పెళ్ళి జాబితాలు రాస్తున్న నోటుబుక్కునే తిరగేసి, వెనకనుంచి భూటాన్ జాబితా మొదలుపెట్టాను. ఎప్పుడు వెళ్ళాలన్నది మొదటి ప్రశ్న. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ జోరువానలు, కొండచరియలు విరిగి రోడ్ల మీద పడతాయి. డిసెంబరు, జనవరి వస్తే కనుమల మీద మంచు, రోడ్డు జారుడు. అక్టోబరు, నవంబరు నెలలు ఆకాశం తేటగా ఉంటుంది. అందుకని నవంబరు ఖాయం చేశాం. కానీ అది కార్తీకమాసం! మా అత్తయ్యగారికి చెప్పడానికి రెండు రోజులు నోరు రాలేదు. ఆవిడకి 78 ఏళ్ళు. విన్నాక, "పౌర్ణమికి ఇంట్లో ఉంటారా, ఉండరా?" అనడిగారు. ఉంటామన్నాను. "అయితే మిగతా దీపాలు నేను పెడతాలే" అన్నారు. అంతే. ఇంతలేసి కళ్ళు చేసుకుని చూస్తూ నిలబడ్డాను. పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజు బయలుదేరేటట్టు టికెట్లు చేయించాం.

తర్వాత కాగితాలు. భూటాన్ వెళ్ళడానికి మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు. దానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ కార్డు ఒప్పుకోరు, ఇది గుర్తుపెట్టుకోండి. పాస్‌పోర్టు అయితే కనీసం ఆరు నెలల గడువు మిగిలుండాలి. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి జనన ధ్రువీకరణ పత్రం కావాలి. నాకు పాస్‌పోర్టు లేదు, ఓటరు కార్డే. అమ్మాయి పాస్‌పోర్టు, నా ఓటరు కార్డు పక్కపక్కన పెట్టి జిరాక్సు తీయిస్తుంటే రెండింటి మీదా ఒకే ఇంటిపేరు కనిపించింది. ఫిబ్రవరి తర్వాత అది మార్చుకుంటుందో, మార్చుకోదో. నేను అడగలేదు.

ఇంక ఖర్చు. మనదేశం వాళ్ళు అక్కడ ఉన్న ప్రతి రాత్రికీ మనిషికి 1,200 రూపాయలు ఆ ప్రభుత్వానికి రుసుము కట్టాలి. హోటలు, తిండి, బండి అన్నీ దీనికి వేరే. మేమిద్దరం 8 రాత్రులు ఉంటాం కాబట్టి ఆ రుసుమే 19,200 అవుతుంది. అందుకని వెళ్ళేరోజు రాత్రి సరిహద్దుకి ఇవతల, మనవైపు జైగావ్‌లోనే పడుకుని, పొద్దున్నే గేటు దాటి ఫుంట్‌షోలింగ్ వెళ్ళేటట్టు పెట్టుకున్నాం. అక్కడి డబ్బుని ఙుల్‌ట్రమ్ అంటారు, మన రూపాయికి సమానం. కాబట్టి కూరగాయల బేరం ఆడినట్టే లెక్క వేసుకోవచ్చు.

రాజమండ్రి మీదుగా గౌహతి వైపు వెళ్ళే రైలెక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగుతాం. విమానంలో వెళ్ళేవాళ్ళు బాగ్‌డోగ్రాలో దిగుతారు. అక్కడినుంచి కారులో జైగావ్. మర్నాడు ఫుంట్‌షోలింగ్ నుంచి తింపూ కూడా కారులోనే. ఆ దారి కొండ అడుగునుంచి ఒకే రోజులో 2,000 మీటర్లు పైకెక్కుతుంది, లారీలు ఎక్కువ, పొగమంచు ఎక్కువ. "అది కూడా తొక్కితేనే పూర్తి యాత్ర" అంది అమ్మాయి. లారీల పొగ పీల్చడం యాత్ర కాదన్నాను. ఆ ఒక్క విషయంలో మాత్రం నా మాట వెంటనే నెగ్గింది.

సైకిళ్ళు రైల్లో వేసుకుని వెళ్ళచ్చు, పార్సిలు ఆఫీసులో కట్టించి బ్రేకు వ్యానులో వేస్తారు. కానీ తింపూలో అద్దెకి దొరుకుతున్నప్పుడు ఆ మోత ఎందుకని మానేశాం. సీటు మాత్రం మనదే పట్టుకెళ్తున్నాం. చెప్పులూ సైకిలు సీటూ ఎవరివి వాళ్ళకే సుఖం! రెండు బోల్టులు విప్పితే ఊడి వస్తుంది, సంచిలో పడుతుంది. అద్దె సైకిలు సైజు ముందే చెప్పాలి. గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య పుస్తకం పైకంటా పెట్టుకుని, నేలనుంచి ఆ పుస్తకం అంచు దాకా టేపుతో కొలుచుకోవాలి. జాకెట్టు కొలతలు ఇచ్చినంత శ్రద్ధగా ఈ కొలత ఇవ్వాలి. వెనక చక్రానికి 34 పళ్ళ పెద్ద గేరు ఉండాలని కూడా రాసి పంపాం. ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్దది వేసుకుంటే బండి నెమ్మదిగా పోతుంది గానీ మోకాలి మీద భారం పడదు. నాలాంటి వాళ్ళకి అదే దేవుడు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి బీపీ, షుగరు, గుండె పరీక్ష చేయించుకున్నాను. నలభై దాటాక అది లేకుండా కొండలెక్కకూడదు. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయట. ఎంత ఎత్తుకి వెళ్ళామన్న దానికన్నా ఎంత ఎత్తులో పడుకున్నామన్నది ముఖ్యమని ఆవిడ చెప్పారు. అందుకే తింపూ చేరిన మర్నాడు ఎక్కడికీ వెళ్ళకుండా ఊళ్ళోనే తిరగడం. అక్కడ ట్రాఫిక్ సిగ్నళ్ళు ఉండవట, పోలీసు చేతులు ఊపుతూ బళ్ళు వదులుతాడట. మనలాగే ఎడమ పక్కన నడపాలి కాబట్టి భయం లేదు. దోచులా మీద ఆగి 108 చిన్న స్తూపాలు చూస్తాం గానీ అక్కడ పడుకోం. పునాఖా కిందకే ఉంది కాబట్టి ఊపిరికి ఇబ్బంది లేదు.

ఆఖరున పారో నుంచి చేలేలా అనే కనుమ ఉంది. దాని ఎత్తు 3,988 మీటర్లు. అంత ఎత్తులో మన దగ్గర ఉన్న గాలి వత్తిడిలో మూడు వంతులకి రెండు వంతుల కన్నా తక్కువే ఉంటుంది. పారో నుంచి అది రెండున్నర తిరుమలలు. అక్కడికి కారులో సైకిళ్ళు ఎక్కించుకుపోయి, దిగడం మాత్రం సైకిలు మీద. ఇందులో చిన్నతనమేమీ లేదు. కొండ దిగడమూ పనే. బ్రేకు నొక్కిపట్టుకుని దిగితే చక్రం వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపు ముందు గట్టిగా నొక్కి, వేగం తగ్గాక వదిలెయ్యాలి. ఇంకోటి, ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు ఒళ్ళు గడ్డకట్టిస్తుంది. పైన పొడి బట్టలు మార్చుకుని, గుండెల మీద పాత న్యూస్ పేపరు మడతపెట్టి దానిమీద కోటు జిప్పు వేసుకోవాలి. పాత కాలపు సైకిలు వీరులు చేసిన పనే ఇది. పాత పేపర్లకి మనిళ్ళల్లో కొదవా!

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. భూటాన్‌లో మిరపకాయ కారం కోసం కాదు, కూరగాయగా వండుతారు. ఎమా అంటే మిరపకాయ, దత్షి అంటే చీజు. పచ్చిమిర్చినో ఎండుమిర్చినో చీల్చి చీజులో ఉడికిస్తే ఎమా దత్షి, వాళ్ళకి రోజూ ఉండాల్సిందే. బంగాళాదుంపతో చేస్తే కేవా దత్షి, పుట్టగొడుగులతో షాము దత్షి. ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుంటారు. గుంటూరు మిర్చి తిన్న నోటికి భయమా అని మావారు ఎగతాళి చేశారు గానీ, సైకిలు ఎక్కే రోజు పొద్దున్న మాత్రం అది ముట్టుకోకూడదని నోటుబుక్కులో గీత గీసి రాశాను. ఎందుకో వేరే చెప్పాలా!

ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. తింపూలో దాదాపు 92 డిగ్రీలకే తెర్లుతాయి. అందుకే మామూలు గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు, కుక్కరు ఉండాల్సిందే. మనం వండుకునేది లేదు గానీ, ఈ సంగతి తెలిశాక కుక్కరు మీద గౌరవం పెరిగింది. దారిలో నోట్లో వేసుకోవడానికి సున్నుండలు, పల్లీ చిక్కీ, వేయించిన అటుకులు, ఎండు ఖర్జూరం. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. గంటకోసారి గడియారం చూసి తినాలి. అమ్మాయి కుర్రకారు తినే జెల్లు పొట్లాలు చూపించింది. మినుములు, నెయ్యి, బెల్లం ఉన్నవాళ్ళకి అవెందుకు? నీళ్ళ సీసాలో మాత్రం ఓఆర్ఎస్ పొడి.

బట్టల్లో ముఖ్యం, లోపల మెత్త ఉన్న సైకిలు నిక్కరు. దాని మీద వదులు ప్యాంటు, కుర్తా. అక్కడి కోటల్లాంటి ఆలయాలని జోంగ్ అంటారు. వాటిలోకి వెళ్ళాలంటే చేతులు, కాళ్ళు నిండా కప్పుకోవాలి, టోపీ తియ్యాలి. పునాఖా జోంగ్ చూడటం నాకు చాలా ఇష్టంగా ఉంది. 1637లో కట్టడం మొదలుపెట్టిన కోట అది. ఫో చూ, మో చూ అని రెండు నదులు కలిసేచోట ఉంది. ఒకటి మగనది, ఒకటి ఆడనదిట. ఇప్పటి రాజుగారి పెళ్ళి 2011లో అక్కడే అయింది. నెలసరి తేదీలు కూడా లెక్క చూసుకున్నాం, ఇద్దరివీ. మగవాళ్ళు వేసే ప్రయాణ ప్రణాళికల్లో ఈ గడి ఉండదు. మనకి మాత్రం మొదట చూసుకోవాల్సింది అదే.

ఇంక అసలు గొడవ.

పెళ్ళివారికి చెప్పకుండా వెళ్ళడం నాకిష్టం లేదు. వియ్యపురాలికి ఫోను చేశాను. ఆవిడ మంచి మనిషే. అంతా విని, "సరదా పడుతోంది, వెళ్ళిరండి వదినగారూ. ముఖానికి మాత్రం దెబ్బ తగలకుండా చూసుకోండి" అన్నారు. అమ్మాయి పక్కనే ఉంది, స్పీకర్ ఆన్‌లో ఉంది. ఫోను పెట్టేశాక అది ఏమీ అనలేదు. మోచేతులకీ మోకాళ్ళకీ తొడుగులు ఆర్డరు పెట్టిందని మర్నాడు తెలిసింది. పెళ్ళి ఫోటోల్లో మోకాళ్ళు పడవు, నిజమే. కానీ నడిచేది వాటితోనే కదా.

మావారు ఇంకో అడుగు ముందుకేసి, పునాఖా నుంచి తిరిగి ఎక్కే రోజు తీసేయమన్నారు. ఇద్దరూ కారులో రండి అన్నారు. నేనూ అదే రాసుకున్నాను. లోబేసా దగ్గర ఎత్తు మొదలైతే దోచులా దాకా దాదాపు 40 కిలోమీటర్లు ఎక్కుతూనే ఉండాలి. మూడు ఆదివారాలు మా తమ్ముడి వ్యానులో సైకిళ్ళు వేసుకుని మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకి వెళ్ళి తొక్కి చూశాం. ఎత్తులో నా వేగం గంటకి 6 కిలోమీటర్లు. అమ్మాయిది 8. అంటే ఆ 40 కిలోమీటర్లకి నాకు ఏడు గంటలు పట్టాలి, అదీ ఆగకుండా. నా వల్ల కాదు. అది మాత్రం, "ఆ ఒక్క రోజు కోసమే అమ్మా నేను వెళ్తోంది" అంది.

ఎందుకే అంత పట్టుదల అని అడిగితే చాలాసేపు చెప్పలేదు. అన్నం తింటుంటే మెల్లిగా అంది. "ఇంక నన్ను ఏం చేసినా ఎవరో ఒకరు అడుగుతారు. అడక్కుండా చేసేది ఇదొక్కటే." మావారు కంచంలోకి చూస్తూ ఉండిపోయారు. మజ్జిగ పోస్తున్న నా చెయ్యి ఆగింది. నన్ను ఇరవయ్యో ఏట పెళ్ళిచేసి పంపినప్పుడు నేను ఏమనుకున్నానో గుర్తుచేసుకోడానికి ప్రయత్నించాను. ఏమీ అనుకున్నట్టు లేదు. అనుకోవడానికి టైము ఇవ్వలేదెవరూ.

రెండు రోజులు నోటుబుక్కు తియ్యలేదు. మూడోరోజు తీసి కొత్త లెక్క వేశాను. పొద్దున్న ఆరింటికి పునాఖాలో బయలుదేరాలి. నేను కారులో ఉంటాను. దారిలో అది రెండుచోట్ల పావుగంట చొప్పున ఆగాలి. ఆగిన ప్రతిసారీ సున్నుండ, అరటిపండు తినాలి. మధ్యాహ్నం పన్నెండుకి సగం ఎత్తు దాటకపోతే మారు మాట్లాడకుండా కారెక్కాలి. తలనొప్పి వచ్చినా అంతే. మూడింటికల్లా దోచులా చేరాలి. నవంబరులో పొద్దు త్వరగా వాలిపోతుంది, నాలుగున్నరకి తింపూలో ఉండకపోతే చీకట్లో దిగాల్సి వస్తుంది. అక్కడినుంచి తింపూ 22 కిలోమీటర్లు, అవి నేనూ సైకిలు మీద దానితో కలిసి దిగుతాను. ఇవన్నీ వరుసగా రాసి, కింద సంతకం పెట్టమన్నాను. నవ్వుతూనే పెట్టింది. పెట్టాక పెన్ను తీసుకుని తన షరతు ఒకటి రాసింది. 'అమ్మ కారు నా వెనకే రావాలి. ముందు వెళ్ళి మలుపులో నిలబడి చూడకూడదు. హారన్ కొట్టకూడదు.'

అది చదివి కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. ఇరవై అయిదేళ్ళుగా ముందు నడిచి దారి చూసింది నేనేగా! జ్వరమొస్తే ముందు, స్కూలు గేటు దగ్గర ముందు. వెనక ఉంటే దాని ముఖం కనిపించదు. అలిసిపోయిందో, ఏడుస్తోందో ఎలా తెలుస్తుంది? "వీపు చూస్తే తెలీదా అమ్మా నీకు?" అంది.

ఆ షరతు కింద నేను కూడా సంతకం పెట్టాను. డ్రైవరుకి చెప్పాల్సిన మాటల్లో అది మొదటిది. కారులో నా పక్కన పొడి బట్టలు, ఫ్లాస్కులో వేడినీళ్ళు, గాలిపంపు, రెండు ట్యూబులు, మందుల డబ్బా. తింపూలో పెద్ద రిఫరల్ ఆస్పత్రి ఉంది, దాని నంబరు ఫోనులోనూ, కాగితం మీదా రాసిపెట్టుకున్నాను. ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు సైకిలు తొక్కేటప్పుడు తగిలే దెబ్బలకి వర్తిస్తుందా అని రెండుసార్లు అడిగి, అవునన్నాకే డబ్బు కట్టాను. మీరూ అడగండి, కొన్నిటిలో ఉండదు.

ఇంక మిగిలింది ఇల్లు. రానూపోనూ రైళ్ళతో కలిపి రెండు వారాలు. అత్తయ్యగారికి ఉప్పు తక్కువ వెయ్యాలి, రాత్రిపూట జావ. మావారికి గ్యాసు వెలిగించడం తప్ప వంటింట్లో ఇంకేం తెలీదు. రోజుకొకటి చొప్పున నేర్పుతున్నాను. అన్నం వచ్చింది. పప్పు ఫరవాలేదు. చారు దగ్గర ఆగింది బండి. నిన్న పోపు మాడ్చి, కిటికీలు తెరిచి, "ఆ దేశంలో నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయన్నావు, నూనె ఎంతకి మాడుతుందో చెప్పలేదే" అన్నారు. అత్తయ్యగారు సోఫాలోంచి లేవకుండానే, "ఆవాలు చిటపటలాడగానే కట్టెయ్యాలిరా" అని చెప్తున్నారు. ఇవాళ మళ్ళీ చారే.